చూపుకు కొలత నేర్పిన ఆస్కార్ బార్నాక్

లోకంలో కొందరు గ్రంథాలు వ్రాసి చిరస్మరణీయులయ్యారు. కొందరు రాజ్యాలేలి, మరికొందరు ఉద్యమాలు నడిపి చరిత్రకెక్కారు. వీరెవరితోను పోలికలేని మరొక తెగ ఉన్నది. కర్మాగారంలో ఒక మూల బల్లముందు కూర్చుండి, ఇత్తడిముక్కను వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీస్తూ, తాము చేసే పనిముట్టు పదిమంది చేతులలో నిజం పలకాలని మాత్రమే కోరుకొన్నవారు ఆ తెగవారు. వారి పేర్లు పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తాయి. వారి పనిముట్లు మాత్రం లోకమంతా తిరుగుతాయి. లైకా కెమేరాను రూపొందించిన జర్మన్ శిల్పి ఆస్కార్ బార్నాక్ అట్టివారిలో అగ్రగణ్యుడు.

పెద్ద కెమేరాను చిన్నది చేయడమే ఆయన ఘనత అని సామాన్యంగా చెప్పుకొంటారు. అది సగం నిజం. వస్తువును చిన్నది చేయడం ఎవరికైనా సాధ్యమే. చిన్నదైన కొలదీ దానిలో పొరపాటుకు చోటు తగ్గిపోతుంది. ఆ తగ్గిన చోటులో కూడ తప్పు దొర్లకుండా చూడడమే కష్టం. బార్నాక్ జీవితకథలో తొలిసగం చిన్నదనం కోసం పడిన తపన అయితే, మలిసగం ఖచ్చితత్వం కోసం చేసిన తపస్సు.

బాల్యం – చేతిపని

బార్నాక్ 1879 నవంబరు 1 వ తేదీన జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతంలో, లీనో అనే చిన్నపల్లెలో జన్మించాడు. తరువాత ఆ కుటుంబం బెర్లిన్ నగర శివార్లకు చేరింది. బాలునికి చిత్రలేఖనంపై మక్కువ మెండు. కొండలను, చెట్లను, ఆకాశాన్ని చిత్రించే చిత్రకారుడు కావాలని ఆశపడేవాడట. కాని బొమ్మలు గీస్తే కూడు దొరకదన్న భయం ఆ దేశపు తలిదండ్రులకూ ఉండేది. అందుచేత ఖగోళ పరికరాలు తయారుచేసే ఒక పనివాని వద్ద ఆయనను శిష్యునిగా చేర్చారు.

ఆ చేరిక ఆయన జీవితానికి పునాది అయినది. నక్షత్రాలను చూసే పరికరంలో ఒక మర రవ్వంత వదులైతే, ఆకాశంలో కొన్ని కోట్ల మైళ్ళు తప్పిపోతాయి. అట్టి పనిలో చేయి తిరిగినవానికి సుమారుగా అన్న మాట రుచించదు. శిష్యరికం ముగిసిన తరువాత, ఆనాటి పనివారి ఆచారం ప్రకారం, బార్నాక్ ఊరూరా తిరుగుతూ పలు కర్మాగారాలలో పనిచేశాడు. 1902 లో యేనా నగరంలోని సుప్రసిద్ధ కార్ల్ జైస్ సంస్థలో చేరాడు.

యేనా చుట్టుపట్ల తురింగియా కొండలు, అడవులు ఉన్నవి. చిత్రకారుడు కాలేకపోయిన యువకుడు ఛాయాగ్రహణంతో ఆ కోరిక తీర్చుకోదలచాడు. సెలవు దొరికితే చాలు, కెమేరా భుజాన వేసుకొని కొండలెక్కేవాడు. అయితే ఆనాటి కెమేరా అనగా ఒక చిన్న సంసారం. 13 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు గల గాజుపలకలు, వాటిని ఉంచే కొయ్య చట్రాలు, చెక్కపెట్టె, ముక్కాలిపీట, నల్లని గుడ్డ – ఇంత బరువును మోయాలి. బార్నాక్‌కు ఉబ్బసవ్యాధి. నాలుగు అడుగులు ఎత్తుకు ఎక్కేసరికి ఊపిరి అందేది కాదు. కొండ మీది దృశ్యం కంటికి ఇంపుగా ఉన్నా, దానిని పట్టి తేవడానికి దేహం సహకరించకపోయె.

బరువు తగ్గించే ఉపాయం కోసం ఆయన 1905 ప్రాంతంలోనే ఆలోచించాడు. ఒకే పెద్ద గాజుపలక మీద చాలా చిన్నబొమ్మలను వరుసగా తీసి, తరువాత వాటిని పెంచి చూశాడు. కాని ఆ పలకలపై పూసిన రసాయనపు పొర ముతకది. పెంచిన బొమ్మ ఇసుక చల్లినట్లుగా కనిపించింది. ప్రయత్నం విఫలమైనది. చిన్నబొమ్మ నుండి పెద్దబొమ్మ అన్న భావం మాత్రం ఆయనను వదలలేదు.

వెట్జ్‌లార్ నగరం

యేనాలో బార్నాక్‌కు ఎమిల్ మెఖౌ అనే సహోద్యోగి మిత్రుడు. చలనచిత్ర ప్రదర్శన యంత్రాలపై పరిశోధన చేస్తూ ఆయన వెట్జ్‌లార్ నగరంలోని ఎర్నెస్ట్ లైట్స్ సంస్థకు వెళ్ళి, మిత్రుని సామర్థ్యాన్ని అక్కడి యజమానులకు తెలియజేశాడు. ఫలితంగా 1911 ఆరంభంలో బార్నాక్ ఆ సంస్థలో చేరి, ప్రయోగ విభాగానికి అధిపతి అయినాడు.

వెట్జ్‌లార్ లాన్ నదీతీరాన ఉన్న ప్రాచీన పట్టణం. సాహిత్య ప్రియులకు ఆ ఊరు కొత్తది కాదు. మహాకవి గోథే 1772 లో కొన్ని నెలలు అక్కడ గడిపాడు. ఆనాటి అనుభవాలే ఆయన వెర్థర్ నవలకు బీజమైనవి. లైట్స్ సంస్థ మాత్రం కవిత్వంతో కాక సూక్ష్మదర్శినులతో పేరు గడించింది. 1849 లో కార్ల్ కెల్నర్ స్థాపించిన చిన్న కార్యశాలను ఎర్నెస్ట్ లైట్స్ 1869 లో చేపట్టి పెంపొందించాడు. కంటికి కనబడని క్రిమిని కటకం క్రింద స్ఫుటంగా నిలబెట్టాలంటే, మరను వెంట్రుకలో పదోవంతు జరపవలసి ఉంటుంది. ఖగోళ పరికరాల వద్ద నేర్చిన ఓర్పు ఇక్కడ బార్నాక్‌కు చక్కగా అక్కరకు వచ్చింది.

ఆ రోజులలో ఆయన చలనచిత్రాలు తీసే ఒక యంత్రాన్ని అల్యూమినియంతో నిర్మించాడు. చలనచిత్రపు ఫిల్ముకు ఎంత వెలుతురు సరిపోతుందో ముందుగా పరీక్షించుకొనేందుకు ఒక చిన్న పెట్టెను తయారుచేసుకొన్నాడనీ, అదే లైకాకు మూలమనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఎట్లయినను 1913, 1914 సంవత్సరాలలో ఆయన చేతిలో ఒక లోహపు చిన్నకెమేరా రూపుదాల్చింది. అందులో గాజుపలకకు బదులు సినిమా ఫిల్ము చుట్ట. సినిమాలో ఒక్కొక్క బొమ్మ 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. బార్నాక్ అట్టి రెండు బొమ్మల చోటును కలిపి, 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు గల చట్రాన్ని నిర్ణయించాడు. తరువాత లోకమంతా ఆ కొలతనే ప్రమాణంగా స్వీకరించింది.

కోటుజేబులో ఇమిడే ఆ కెమేరాతో ఆయన వెట్జ్‌లార్ వీధులలో తిరిగాడు. ఇనుపసంత అని పేరుగల కూడలిలోని పాతఇండ్లను, 1914 ఆగస్టులో యుద్ధప్రకటన నాటి జనాన్ని, 1920 లో లాన్ నది పొంగి ఊరిని ముంచెత్తిన దృశ్యాలను చిత్రించాడు. ముక్కాలిపీట లేదు, నల్లని గుడ్డ లేదు. చూచినది చూచినట్లే పట్టుకొనే కొత్త ఛాయాగ్రహణానికి ఆ బొమ్మలు నాంది పలికినవి.

యజమాని తెగింపు

ప్రపంచయుద్ధం వలన ఈ పని పదేండ్లు వెనుకబడింది. యుద్ధం ముగిసినా కష్టాలు ముగియలేదు. 1923 లో జర్మనీలో నాణెపు విలువ అధఃపాతాళానికి పోయింది. రొట్టె కొనడానికి బుట్టెడు నోట్లు కావలసి వచ్చిన కాలమది. ఆ సంవత్సరమే లైట్స్ సంస్థ పరీక్ష కోసం సుమారు రెండు డజన్ల చిన్నకెమేరాలను తయారుచేసి, తెలిసినవారి చేతికిచ్చి చూచింది. వచ్చిన అభిప్రాయాలు ఒక తీరుగా లేవు. కొందరు మెచ్చుకొన్నారు. కొందరు దానిని ఆటబొమ్మగా తీసిపారేశారు.

1924 జూన్‌లో సంస్థలో దీర్ఘమైన చర్చ జరిగింది. సూక్ష్మదర్శినులు చేసే కర్మాగారానికి కెమేరా వ్యాపారం కొత్త. అంగడి మందంగా ఉన్నది. మునిగితే అనేక కుటుంబాల జీవనం మునుగుతుంది. మరొకవైపు, కొత్తపని లేకపోతే కార్మికులను ఇంటికి పంపవలసి వస్తుంది. యజమాని రెండవ ఎర్నెస్ట్ లైట్స్ అందరి మాటలూ విని, తయారీకే తీర్పు చెప్పాడు. 1925 వసంతంలో లైప్జిగ్ సంతలో ఆ కెమేరా లోకానికి పరిచయమైనది. లైట్స్ పేరులోని మొదటి అక్షరాలనూ, కెమేరా అన్న మాటలోని మొదటి అక్షరాలనూ కలిపి దానికి లైకా అని పేరు పెట్టారు. దానికి తగిన కటకాన్ని రూపొందించిన పండితుడు మాక్స్ బెరెక్. బార్నాక్ పెట్టెను నిర్మించాడు, బెరెక్ దానికి కన్ను పెట్టాడు అనవచ్చు.

ఊహతో కొలిచిన దూరం

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథ. ఇకమీదటిది అంతగా ప్రచారంలో లేని కథ. దానిని గ్రహించాలంటే చిన్నపాటి భౌతికశాస్త్రం గుర్తుచేసుకోవాలి.

భూతద్దంతో ఎండను కాగితంపై కేంద్రీకరించి పొగ రప్పించని విద్యార్థి ఉండడు. అద్దాన్ని ఒక నిర్ణీతమైన ఎత్తులో పట్టుకొన్నప్పుడే వెలుగు చుక్కగా కుదురుతుంది. ఆ ఎత్తే కటకపు నాభ్యంతరం. సూర్యుడు అతిదూరాన ఉన్నాడు గనుక ఆ లెక్క సరిపోయింది. వస్తువు దగ్గరకు వచ్చిన కొలదీ కటకాన్ని ఫిల్ము నుండి మరికాస్త ముందుకు జరపాలి. లేనియెడల బిందువు బిందువుగా పడక, మసకవట్టంగా పడుతుంది.

లైకా కటకపు నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు. 10 మీటర్ల దూరంలోని మనిషి కోసం దానిని ముందుకు జరపవలసినది మిల్లీమీటరులో నాలుగోవంతు మాత్రమే. 2 మీటర్ల దూరానికి సుమారు 1.3 మిల్లీమీటర్లు, 1 మీటరుకు సుమారు 2.6 మిల్లీమీటర్లు. అనంత దూరం నుండి చేతికందే దూరం వరకు, లోకమంతా ఈ రెండున్నర మిల్లీమీటర్లలో ఇమిడి ఉన్నది.

పెద్ద గాజుపలక కెమేరాలో ఈ చిక్కు లేదు. నల్లని గుడ్డ కప్పుకొని, వెనుక గరుకు గాజుపై తలక్రిందుగా పడే బొమ్మను చూస్తూ, స్ఫుటమయ్యేవరకు కటకాన్ని జరిపేవారు. లైకాలో గరుకు గాజుకు చోటు లేదు. బొమ్మను చూచే కిటికీ వేరు, బొమ్మపడే కటకం వేరు. కిటికీలో అన్నీ ఎల్లప్పుడూ స్ఫుటంగానే కనబడతాయి. కటకం సరిగా కుదిరినదో లేదో ఫిల్ము కడిగిన తరువాతగాని తెలియదు.

అందుచేత 1925 నాటి లైకా పట్టినవాడు దూరాన్ని కంటితో అంచనా కట్టి, కటకపు వలయంపై ఆ అంకెకు తిప్పుకొనేవాడు. ఎండలో కటకపు రంధ్రాన్ని చిన్నది చేస్తే కొంత తప్పినా గడిచిపోయేది. వెలుతురు చాలక రంధ్రాన్ని పూర్తిగా తెరిచినప్పుడే అసలు పరీక్ష. 2 మీటర్ల దూరంలోని ముఖాన్ని చిత్రించేటప్పుడు ముందుకు ఒక జానెడు, వెనుకకు ఒక జానెడు మాత్రమే స్ఫుటంగా వస్తుంది. 1 మీటరు దూరంలో అది ఇటూ అటూ సుమారు 5 సెంటీమీటర్లకు దిగిపోతుంది. అంత సన్నని హద్దును వట్టికంటితో ఎవరు కొలవగలరు? పైగా చిన్నబొమ్మను పదిరెట్లు పెంచితే అందులోని తప్పు కూడ పదిరెట్లు పెరుగుతుంది. బరువు తగ్గించి సంపాదించిన లాభానికి ఇది చెల్లించవలసిన సుంకం.

దూరాన్ని కొలిచే విడి పరికరం ఒకటి ఉండేది. దానిని దూరమాపకమనీ, రేంజి ఫైండరనీ అంటారు. కెమేరాపై నిలబెట్టి, అందులో చూచి, దూరపు అంకె చదివి, ఆ అంకెను మరల కటకంపై పెట్టుకోవాలి. ఈ రెండు పనులు అయ్యేలోపల పరుగెత్తే పిల్లవాడు పరుగెత్తిపోయేవాడు.

అన్ని కటకాలకు ఒకే భాష

దూరమాపకాన్ని కటకంతోనే జతచేస్తే బాగుండునని తోచడం సులభం. చేయడం సులభం కాదు. 1930 లో లైకాకు కటకాలను మార్చుకొనే వీలు కల్పించారు. ఆరంభంలో ఒక కెమేరాకు చేసిన కటకం మరొక కెమేరాకు సరిగా కుదిరేది కాదు. కటకాలను ఒక్కొక్క కెమేరాకు విడివిడిగా సరిచూచి, దాని సంఖ్యలోని చివరి అంకెలను కటకంపై చెక్కి అమ్మేవారు. అనగా ప్రతి కెమేరాకూ ఒక సొంత భాష ఉండేదన్నమాట.

1931 లో ఈ అవ్యవస్థను తొలగించారు. కటకం కూర్చునే అంచు నుండి ఫిల్ము వరకు ఉండవలసిన దూరం అన్ని కెమేరాలకూ 28.8 మిల్లీమీటర్లని నిర్ణయించారు. ఈ చిన్న అంకె వెనుక పెద్ద శ్రమ ఉన్నది. వేలాది యంత్రాలు, వేరువేరు పనివారు, వేరువేరు రోజులు. అయినా కొలత ఒక్కటే కావాలి. ఈ క్రమశిక్షణ సిద్ధించిన తరువాతనే 1932 లో రెండవ లైకా వెలువడింది. బార్నాక్ విభాగం సాధించిన ఈ కెమేరాలో దూరమాపకం కటకంతో కలిసి కదులుతుంది.

దాని కిటుకు గ్రహించడానికి ఒక చిన్న ప్రయోగం చాలు. చేయి చాచి బొటనవ్రేలు నిలబెట్టి, ఒక కన్నూ తరువాత మరొక కన్నూ మూసి చూడండి. వ్రేలు ప్రక్కకు దూకినట్లు కనిపిస్తుంది. వ్రేలిని ముఖానికి దగ్గర చేసిన కొలదీ ఆ దూకుడు పెరుగుతుంది. దూరాన ఉన్న తాటిచెట్టు మాత్రం కదిలినట్లే ఉండదు. రెండు కన్నుల నడిమి దూరాన్ని పాదంగా గ్రహిస్తే, దూకుడు కోణాన్ని బట్టి దూరాన్ని లెక్కకట్టవచ్చు. భూమిని కొలిచే సర్వేవారి త్రిభుజం ఇదే.

లైకా పైభాగాన రెండు చిన్న కిటికీలున్నవి. వాటి నడిమి దూరం సుమారు 39 మిల్లీమీటర్లు. ఒక కిటికీ వెలుగు సగం పారదర్శకమైన అద్దం గుండా తిన్నగా కంటికి చేరుతుంది. రెండవ కిటికీ వెలుగు లోపల పరావర్తనం చెంది, అదే అద్దంపై పడి కంటికి వస్తుంది. కనుక ఒకే వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. కటకం వెనుక అంచుకు ఆని ఒక చిన్న మీట ఉంటుంది. కటకం ముందుకు జరిగితే మీట దానిని అనుసరించి కదిలి, రెండవ కిటికీ వెలుగుదారిని రవ్వంత వంచుతుంది. కటకాన్ని త్రిప్పుతూ ఉండగా రెండు బొమ్మలూ దగ్గరై ఒకటిగా కలిసిపోతాయి. అవి కలిసిన క్షణాన కటకం ఆ వస్తువుకే సరిగా కుదిరి ఉంటుంది. అంకె చదవనక్కరలేదు, ఊహించనక్కరలేదు.

కొలతలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అనంత దూరంలోని కొండకూ, 10 మీటర్ల దూరంలోని మనిషికీ మధ్య ఆ రెండు వెలుగుదారుల కోణంలో భేదం డిగ్రీలో నాలుగోవంతు కూడ లేదు. 1 మీటరుకు దిగివచ్చినా అది 2 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. ఇంతటి సూక్ష్మభేదాన్ని నాలుగు మరలు, ఒక మీట కలిసి సంవత్సరాల తరబడి నమ్మకంగా కంటికి అందించాలి.

మరొక చిక్కు ఉన్నది. 135 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం 10 మీటర్ల దూరానికి సుమారు 1.85 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. అదే దూరానికి 50 మిల్లీమీటర్ల కటకం జరిగేది 0.25 మిల్లీమీటరు మాత్రమే. కెమేరాలోని మీటకు మాత్రం ఒక్క భాషే తెలుసు. అది 50 మిల్లీమీటర్ల కటకపు భాష. అందుచేత తక్కిన కటకాలలో లోపలి వలయాన్ని వాలుగా చెక్కి, తమ కదలికను ఆ భాషలోకి మార్చి చెప్పే ఏర్పాటు చేశారు. పదిమంది పది మాండలికాలు మాట్లాడినా, సభలో అందరూ ఒకే ప్రామాణిక భాషలో విన్నవించుకొన్నట్లున్నది ఈ వ్యవస్థ.

అదే 1932 లో జైస్ ఈకాన్ సంస్థ కాంటాక్స్ అనే కెమేరాను పోటీగా తెచ్చింది. దానిలో కిటికీల నడిమి దూరం సుమారు 10 సెంటీమీటర్లు. త్రిభుజపు పాదం పెద్దదైతే కొలత మరింత నిశితంగా వస్తుందని రేఖాగణితం చదివినవారెవరైనా చెప్పగలరు. ఈ ఒక్క విషయంలో కాంటాక్స్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి. లైకావారు 1933 లో మూడవ లైకా తెచ్చినప్పుడు దూరమాపకపు బొమ్మను ఒకటిన్నర రెట్లు పెద్దదిగా చూపే కటకాన్ని అమర్చి, ఆ లోటును కొంతవరకు పూరించారు.

సరిదిద్దే విధానం

ఆనాటి లైకాలు నేటికీ పనిచేస్తున్నవి. అయితే క్రిందపడినందువలననో, లోపలి జిడ్డు గట్టిపడినందువలననో, మీట అరిగినందువలననో దూరమాపకం దారి తప్పుతుంది. దానిని సరిదిద్దేవారు పాటించే క్రమంలో బార్నాక్ ఆలోచనా సరళి అంతా కనిపిస్తుంది.

మొదట చూడవలసినది దూరమాపకం కాదు, కటకం. కటకాన్ని అనంతపు గుర్తు వద్ద నిలిపి, ఫిల్ము ఉండే తలంలోనే గరుకు గాజును ఉంచి, దూరపు వస్తువు స్ఫుటంగా పడుతున్నదో లేదో పరీక్షిస్తారు. కటకమే తప్పితే దూరమాపకాన్ని దానికి అనుగుణంగా దిద్దరాదు. అట్లు చేస్తే రెండు అబద్ధాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినట్లవుతుంది. కంటికి అంతా బాగున్నట్లే కనబడి, ఫిల్ముపై అంతా మసకబారుతుంది.

కటకం సరియని తేలిన తరువాత దూరమాపకంలోకి చూస్తారు. గురిగా ఎన్నుకొనే వస్తువు ఒక కిలోమీటరుకు మించిన దూరంలో ఉండాలి. దేవాలయ శిఖరం, పొగగొట్టం, లేదా రాత్రివేళ నక్షత్రం. వీధికి ఆవలి గోడను చూచి అనంతమని భ్రమించరాదు. రెండు బొమ్మలు ప్రక్కప్రక్కగా విడిపోయి ఉంటే, కెమేరా ముఖభాగంలో చిన్న మూతమర క్రింద దాగిన సవరణ మరను రవ్వరవ్వగా త్రిప్పుతారు. ఒకటి పైకి, ఒకటి క్రిందికి ఉంటే అది వేరు లోపం. కిటికీలో ఏటవాలుగా చెక్కిన గాజుబిళ్ళను త్రిప్పి దానిని తొలగిస్తారు.

అంతటితో పని ముగియదు. అనంతం వద్ద సరిపోయినది దగ్గర తప్పవచ్చు. ఫిల్ము తలం నుండి టేపుతో సరిగా 1 మీటరు కొలిచి, అక్కడ ఉంచిన గురిపై మరల పరీక్ష చేస్తారు. కటకం ముందు అంచు నుండి కొలవడం కొత్తవారు చేసే సామాన్యమైన పొరపాటు. దగ్గర తేడా ఉన్నట్లయితే మీట కదలికలోనే లోపం ఉన్నదన్నమాట. దానిని దిద్దితే అనంతం కొంచెం చెదురుతుంది. దానిని మరల దిద్దాలి. ఇట్లు అటూ ఇటూ పలుమార్లు తిరిగితేగాని రెండు కొసలూ ఒకే మాట చెప్పవు. చివరి సాక్షి ఫిల్ము. కటకపు రంధ్రాన్ని పూర్తిగా తెరిచి ఒక చుట్ట తీసి, కడిగి, పెంచి చూచిన తరువాతనే పనివాడు మూతమర బిగిస్తాడు.

నిర్యాణం – వారసత్వం

బార్నాక్ ఆరోగ్యం ఏనాడూ బాగున్నది కాదు. ఉబ్బసం ఆయనను జీవితాంతం వేధించింది. 1935 లో లైకా షట్టరు సెకనులో వెయ్యోవంతు వేగాన్ని అందుకొన్నది. మరుసటి సంవత్సరం, 1936 జనవరి 16 వ తేదీన ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయస్సు 56 ఏండ్లు.

ఆయన పెంచిన మొక్క తరువాత మహావృక్షమైనది. దూరమాపకాన్నీ, దృశ్యాన్ని చూచే కిటికీనీ ఒకటిగా కలిపిన ఎం3 కెమేరా 1954 లో వెలువడింది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే-బ్రెసాన్ తన జీవితకాలమంతా లైకానే నమ్ముకొన్నాడు. 1948 జనవరి 30 న గాంధీమహాత్ముని ఆయన చివరి ఘడియలకు కొద్దిసేపు ముందు కలిసినవారిలో ఈయన ఒకడు. ఆనాటి మన దేశపు దుఃఖం లోకానికి కనిపించినది ఇట్టి చిన్నకెమేరాల గుండానే. ముక్కాలిపీట దించి, గుడ్డ కప్పుకొని, గరుకు గాజుపై బొమ్మ కుదుర్చుకొనే తీరిక అట్టి ఘడియలలో ఎవరికి ఉంటుంది?

బార్నాక్ స్వయంగా వాడిన 1923 నాటి పరీక్షా కెమేరా 105 వ సంఖ్యగలది. దానిపై ఆయన పేరు చెక్కబడి ఉన్నది. 2022 లో అది వేలంలో 144 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. అంతవరకు ఏ కెమేరాకూ అంత ధర పలుకలేదు. విశేషమేమంటే ఆ కెమేరాలో దూరమాపకం లేదు. దానిని పట్టినప్పుడు బార్నాక్ కూడ అందరివలెనే దూరాన్ని ఊహతో కొలిచినవాడే. ఆ ఊహ ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడ తప్పుతుందో అనుభవంతో తెలిసినవాడు గనుకనే, మరొక తొమ్మిదేండ్లు శ్రమించి తన పనిముట్టులోని ఆ లోటును పూడ్చాడు.

నేటి కెమేరాలు తమంతతామే దూరాన్ని గ్రహించి కటకాన్ని జరుపుకొంటున్నవి. విద్యార్థులు జేబులలో పెట్టుకొని తిరిగే ఫోనులలో కూడ ఆ విద్య ఉన్నది. అయినను వాటి లోపల జరిగేదానిని బోధించాలంటే, ఉపాధ్యాయునికి బార్నాక్ త్రిభుజంకంటె సులువైన పాఠం దొరకదు. ఒక బొటనవ్రేలు, రెండు కన్నులు, దూరాన ఒక చెట్టు ఉంటే చాలు.

చిత్రకారుడు కావాలని కోరుకొని పనివాడైన బార్నాక్, పనివానిగానే లక్షలాది చిత్రకారులకు కన్నులిచ్చాడు. బరువు మోయలేని బలహీనతనుండి చిన్నకెమేరా పుట్టింది. చిన్నదానిలో తప్పును సహించలేని నిష్ఠనుండి ఖచ్చితమైన కొలత పుట్టింది. ఆ రెండింటిలో మొదటిది ఆయనకు వ్యాధి ఇచ్చిన వరం. రెండవది మాత్రం ఆయన చేతులారా సంపాదించుకొన్నది.